మోటారు గదిలో దాచిన టైర్లు

చిన్నోడికి యాభై దగ్గర పడుతోంది. ముందు జుట్టు ఊడిపోయింది, మిగిలింది నెరిసిపోయింది, కొడుకు గడ్డం గీసుకునే వయసుకు వచ్చాడు. ఇంకా చిన్నోడేమిటయ్యా అంటే, అక్క అలా పిలిచింది, బావ అలాగే పిలిచాడు, వాళ్ళను చూసి వీధి వీధంతా అలాగే పిలిచింది. టైర్ల దుకాణం బోర్డు మీద అసలు పేరు పెద్ద అక్షరాలతో రాయించుకున్నాడు గాని, అది చదివి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు.

బావను వీధిలో లిఫ్టాయన అంటారు. పాత మేడల్లో లిఫ్టులు చూసుకునే కంపెనీలో మీసాలు రాని వయసులో చేరి, మీసాలు నెరిసేదాకా అక్కడే పనిచేశాడు. సరదా మనిషి. లిఫ్టు మధ్యలో ఆగిపోయి లోపలివాళ్ళు గగ్గోలు పెడుతుంటే, పైన మోటారు గదిలోంచి తల వంచి, "కంగారు పడకండి, నన్నడక్కుండా అది కిందికి పోదు, దానికి నేనంటే హడల్!" అని అరిచేవాడు. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. కానీ తాళ్ళ దగ్గర మాత్రం ఆయనతో సరసాలు చెల్లేవి కావు. ఇనప తాడుకు గడువు తీరిందంటే లిఫ్టు ఆపేయాల్సిందే. చూడ్డానికి తాడు నిగనిగలాడుతున్నా సరే, మేడ యజమాని పై అధికారులకు ఫోను చేసి చిందులు తొక్కినా సరే. ఒకసారి ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని మెట్ల మీద కూర్చున్నాడు. మేడలోవాళ్ళు మంచాన పడిన ముసలామెను కుర్చీలో పెట్టుకుని పైకి మోసుకుపోతూ ఆయన్ను నానా మాటలూ అన్నారు. బావ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. కొత్త తాడు వచ్చేదాకా ఫ్యూజులు ఇవ్వలేదు.

అలాంటి మనిషి! తన టైర్ల దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టుదల ఎక్కడికి పోయిందో చిన్నోడికి ఇప్పటికీ అర్థం కాదు.

అమ్మా నాన్నా పోయేనాటికి చిన్నోడికి పాలపళ్ళు ఊడలేదు. పెళ్ళయి వెళ్తూ అక్క తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకు పోయింది. బావ మొహం చిట్లించలేదు. "పెళ్ళాంతో పాటు పెరిగిన కొడుకును కూడా ఇచ్చారు, దానికి పురిటి నొప్పులు తప్పాయి" అని అందరితో చెప్పుకు తిరిగాడు. తర్వాత వాళ్ళకు పిల్లలు పుట్టలేదు. దాంతో ఆ మాట నిజమే అయింది. పానా పట్టుకోవడం నేర్పింది బావ. చదువు తలకెక్కనప్పుడు టైర్ల దుకాణంలో పనికి కుదిర్చింది బావ. ఊళ్ళో ఎవరితోనైనా ఢీ అంటే ఢీ అనే చిన్నోడికి బావ ఎదురుగా మాత్రం నోట్లో నాలుక ఉండేది కాదు. ఇంట్లో ఎవరూ బావను కాదనరు. ఆయన ఎప్పుడూ కాదనాల్సిన పని చెయ్యలేదు గనక, ఎలా కాదనాలో ఎవరికీ అలవాటు కాలేదు.

బావది పాత టూరింగ్ మోటారు సైకిలు, దూర ప్రయాణాల బండి. ఏనుగంత ఉంటుంది. ముందు గాలి అద్దం, వెనక రెండు పక్కలా పెట్టెలు, ఊచల చక్రాలు. ఏటా సెలవు పెట్టి, అక్కను వెనక కూర్చోబెట్టుకుని ఎక్కడెక్కడి కొండలో ఎక్కి దిగి వచ్చేవాడు. అక్క అసలే మాటల పుట్ట. ఒక్క ప్రయాణం కబుర్లు ఆరు నెలలు చెప్పేది. తర్వాత ఆమెకు నడుం పడిపోయింది. ఆపరేషను మీద ఆపరేషను, బెల్టులు, ఏళ్ళ తరబడి మంచం. బండి మాట ఎత్తవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

మొదటి ఆపరేషనుకు ముందు బావ ఒక జత టైర్లు కొన్నాడు. ఆ బండికి మొదట్నుంచీ వేసే రకం. కంపెనీవాళ్ళు ఇక ఆ రకం చెయ్యరట, అదే ఆఖరి జత. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి, "నువ్వు లేచి కూర్చున్న రోజున ఇవి తొడుగుతానే. కొండ దాటి సముద్రం దాకా పోదాం" అన్నాడు. బావ ఉన్నంతసేపూ అక్క నవ్వుతూనే ఉంది. ఆయన మందులకని బయటికి వెళ్ళాక తమ్ముడి చెయ్యి పట్టుకుని భోరుమంది.

ఉద్యోగం చాలించి, తాళంచెవులు కంపెనీకి అప్పగించిన మర్నాడే బావ రెండు భుజాలకూ రెండు టైర్లు తగిలించుకుని, బండి మీద దుకాణానికి వచ్చాడు. వీధి చివర్నుంచే పళ్ళికిలిస్తూ వచ్చాడు.

"ఏరా చిన్నోడా, విప్పెయ్ దాని పాత చెప్పులు. కొత్తవి తెచ్చా. మీ అక్కని బండెక్కించుకోవచ్చని డాక్టరు ఒప్పేసుకున్నాడు!"

అది విని చిన్నోడికి ఎగిరి గంతేయాలనిపించింది. అక్క మళ్ళీ బండెక్కుతుందంటే అతనికి మాత్రం తక్కువ సంబరమా! లేచి వెళ్ళి బావ భుజం మీది టైరు దింపుకున్నాడు. చెయ్యి వేశాక నవ్వు ఆగిపోయింది.

పైకి టైర్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. కొట్టువాడు అంటించిన చీటీ కూడా ఊడలేదు. కానీ రబ్బరు వేళ్ళకు రబ్బరులా తగల్లేదు. ఎండిన తోలులా బిర్రుగా ఉంది. గోరు నొక్కితే దిగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త టైరు వాసన లేదు, ఇంకేదో ఘాటు వాసన, ఎక్కడో బాగా ఎరిగిన వాసన వచ్చింది.

"ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టావు బావా వీటిని?"

"ఎక్కడ పెడతాను? పాత బ్యాంకు మేడ మీద, మోటారు గదిలో. ఎండ తగలదు, చినుకు పడదు, ఎలక దూరదు. తాళంచెవి నా మొలకే ఉండేది. నెలనెలా మెత్తటి గుడ్డతో తుడిచాను కూడా. మీ అక్కనైనా ఇంత బాగా చూసుకోలేదు, కావాలంటే అడుగు."

 ఆ గది అతనికి తెలుసు. బడి సెలవుల్లో బావ వెంట వెళ్ళేవాడు. పాతకాలపు మోటారు, తిరిగినప్పుడల్లా దాని బ్రష్షుల దగ్గర నీలం నిప్పురవ్వలు చిటపటమనేవి. తలుపు తీయగానే ముక్కుపుటాలు మండేవి. "ఇదిరా నా అత్తరు" అనేవాడు బావ, గుండెల నిండా పీలుస్తూ.

ఆ అత్తరు రబ్బరుకు విషం. దుకాణం పెట్టిన కొత్తలో చిన్నోడు ట్యూబులన్నీ గాలి కొట్టే మిషను మోటారు పైన వరసగా వేలాడదీశాడు. ఎండాకాలం తిరిగేసరికి ఒక్కటి మిగలకుండా అన్నీ నెర్రెలు బారాయి. నిప్పురవ్వలకు గాలి ఒక రకంగా మారిపోతుందనీ, ఆ గాలి రబ్బరును లోపల్లోపలే కొరుక్కు తింటుందనీ టైర్లు సరఫరా చేసే ఏజెంటు చెప్పి చీవాట్లు పెట్టాడు. టైర్ల వాళ్ళెవరూ మోటారు ఛాయలకు రబ్బరును పోనివ్వరు. లిఫ్టులు చూసే మనిషికి మాత్రం మోటారు గదిని మించిన భద్రమైన చోటు లోకంలో కనిపించదు. బావ తన దగ్గరున్న వాటిలోకెల్లా మంచి చోటే ఇచ్చాడు. ఇచ్చి, ఇన్నేళ్ళూ విషం పట్టించాడు.

'ఇవి పనికిరావు బావా' అనాలి. నోటికి వచ్చింది వేరు.

"బావా, ఇవి కొంచెం... వయసైపోయాయి."

"నాకూ అయింది. నన్నూ పారేస్తావేంట్రా?"

ఎదురు టీ కొట్టాయన, లిఫ్టాయన హాస్యానికి ఎప్పుడూ ముందు నవ్వే మనిషి, గ్లాసులు కడుగుతూ నవ్వాడు. చిన్నోడు నవ్వలేదు. టైరును మోకాలి మీద పెట్టి, రెండు చేతులతో వెనక్కి వంచి చూపించాడు. గాడుల అడుగున సన్నటి నెర్రెలు నోళ్ళు తెరిచాయి. వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మూసుకున్నాయి.

"చూశావా?"

"వంచితే నా మోకాలూ అలాగే అంటుంది."

"హాస్యం కాదు బావా. మోటారు గాలి తినేసింది దీన్ని. ఆ గదిలో వాసన లేదూ, అదే."

"నేను జన్మంతా అదే పీల్చానురా. నన్ను తినలేదే!"

"నువ్వు రబ్బరు కాదుగా." అనేసి, ఇంక ధైర్యం చేశాడు. "లిఫ్టు తాడుకి గడువు తీరితే నువ్వు ఊరుకునేవాడివా? పైకి బాగుంది కదా అని వదిలేసేవాడివా? వీటికీ గడువు తీరింది. ఎప్పుడు తయారైందో అంచు మీదే అచ్చు కొట్టుంది, చూడు."

బావ చూడలేదు. నవ్వు మాత్రం మొహం మీద నుంచి మెల్లగా దిగిపోయింది.

"అది రోజంతా మనుషుల్ని మోసిన తాడురా. మోసింది అరుగుతుంది. ఇవి ఒక్క గజమైనా నడిచాయా? పెట్టింది పెట్టినట్టున్నాయి." గొంతు తగ్గించి అన్నాడు. "నీకు కొత్తవి అమ్ముకోవాలనుంటే ఊళ్ళో బోలెడు బండ్లున్నాయి. నా దగ్గరెందుకు?"

 ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే కాలరు పట్టుకునేవాడు. బావ అన్నాడు కాబట్టి టైరును గోడకు ఆనించి పెట్టాడు. "బండి ఇక్కడే వదిలిపెట్టు, రేపు చూస్తాను" అన్నాడు చివరికి. రేపటికి ఏం మారుతుందని? ఏమీ మారదు. భయపడేవాళ్ళందరికీ రేపనేది ఒకటి కావాలి, అంతే.

ఆ మధ్యాహ్నం దుకాణం కట్టేసి టైర్ల గోదాములన్నీ తిరిగాడు. ఆ పాత కొలతకు ఇప్పుడు టైర్లు చేసేవాళ్ళే తక్కువ. వెనక చక్రానికి దొరికితే ముందు దానికి దొరకదు. రెండిటికీ రెండు రకాలు వెయ్యడం అతనికి ఇష్టం లేదు, బరువు బండి మలుపులో ఒక కాలు ఒకవైపు, ఇంకో కాలు ఇంకోవైపు లాగుతుంది. తిరిగి తిరిగి రెండు జతలు పట్టుకున్నాడు. ఒకటి గట్టి రబ్బరు, ఎంత తిరిగినా అరగదు, కానీ తడి రోడ్డు మీద నమ్మడానికి లేదు. రెండోది కొంచెం మెత్తన, తొందరగా అరుగుతుంది, కానీ రోడ్డును పట్టుకుని వదలదు, గాడులు లోతుగా ఉండి నీళ్ళు బయటికి చిమ్మేస్తాయి, ఇద్దరు మనుషుల్నీ రెండు పెట్టెల బరువునూ మోస్తుంది. అరిగితే అరిగింది, అక్క కూర్చునే బండి. రెండో జతే తెచ్చి దుకాణంలో ఎదురుగా కనపడేలా తగిలించాడు. బావకు కళ్ళున్నాయి కదా, చేత్తో తాకి చూస్తే తేడా తెలియకపోదని ఆశ.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాడు. బావ పాత స్నేహితుల్ని కలవడానికి వెళ్ళాడని తెలిసే వెళ్ళాడు. బావతో అనలేని మాట అక్కతో అయితే అనగలననుకున్నాడు.

అక్క ముందు గదిలో ముక్కాలిపీట మీద దిండు వేసుకుని, అటో కాలూ ఇటో కాలూ వేసి, వీపు నిటారుగా పెట్టి కూర్చునుంది. ప్రయాణాల్లో తొడుక్కునే పాత తోలు జాకెట్టు వేసుకుంది. మనిషి చిక్కిపోయింది కదా, అది ఒంటికి వదులైంది.

"నవ్వకు. అలవాటు చేసుకుంటున్నా" అంది. "పొద్దుట్నుంచి ఇది మూడోసారి. నడుం ఏమీ అనట్లేదురా! నిన్న కాసేపటికే సలిపింది, ఇవాళ చూడు, రాయిలా కూర్చున్నా."

"బాగుందక్కా" అన్నాడు. ఎదురుగా కుర్చీలో కూర్చుని, చెప్పులతో నేలను రాస్తూ, ఎక్కడ మొదలెట్టాలా అని చూశాడు. "అక్కా, ఆ టైర్లు..."

"తెచ్చి ఇచ్చారా?" ఆమె మొహం వెలిగిపోయింది. "నీకు తెలీదు చిన్నోడా. నెలకోసారి వాటిని తుడిచొచ్చిన రోజున మీ బావ చేతులు కడుక్కునేవారు కాదు. తిన్నగా నా మంచం దగ్గరికొచ్చి, చేతులు నా ముక్కు దగ్గర పెట్టి, 'ఇదిగో, అవి ఎదురుచూస్తున్నాయి, నువ్వెప్పుడు లేస్తావ్' అనేవారు. కొన్నాళ్ళు నాకు బతకాలని కూడా ఉండేది కాదురా. ఆ చేతుల కోసం చూసేదాన్ని."

చిన్నోడు తల ఊపాడు. ఆమె పెట్టిన కాఫీ తాగాడు, జాకెట్టు బాగుందన్నాడు, వెళ్ళొస్తానన్నాడు. వీధిలోకి వచ్చాక తనను తాను బూతులు తిట్టుకున్నాడు. తిట్టుకోవడం సులువు. వెనక్కి వెళ్ళి చెప్పడమే చాతకాలేదు.

మర్నాడు బావ వచ్చీ రాగానే కొత్త జత దగ్గరికే వెళ్ళాడు. చేత్తో తడిమాడు, గోరు గుచ్చి చూశాడు, గాడుల్లో వేలు పెట్టి లోతు చూశాడు. వాన సంగతి అడిగాడు, బరువు సంగతి అడిగాడు. అన్నిటికీ చిన్నోడు వివరంగా జవాబు చెప్పాడు. పనితనం తెలిసిన మనిషి, మంచి సరుకును చూసే చూపుతో చూస్తున్నాడు. ఒక్క క్షణం గండం గట్టెక్కిందనే అనుకున్నాడు చిన్నోడు.

"బాగున్నాయిరా" అన్నాడు బావ. "కాకపోతే ముసలాడికి కుర్రాడి బూట్లు తొడిగినట్టుంటుంది. అదలా ఉంచు. మీ అక్కకి మాటిచ్చింది వీటి మీద కాదు."

"మాటదేముంది బావా, అక్కేమీ అనుకోదు."

"నేననుకుంటాను." కొత్త టైరు మీంచి చెయ్యి తీసేశాడు. "నువ్వు తొడగనంటే చెప్పు, సందు మలుపులో పంక్చర్లవాడు తొడుగుతాడు. వాడు సుత్తి పెట్టి బాదుతాడు, రిమ్ము సొట్టపోతుంది. తర్వాత నీ ఇష్టం."

చిన్నోడు తొడిగాడు. వేరేవాడి చేతిలో పాడయ్యే కన్నా తన చేతిలోనే నయమనుకున్నాడు. బావ బయట టీ కొట్టు బల్ల మీద కూర్చుని అక్క కొత్త నడుం గురించి వచ్చేపోయేవాళ్ళకు చెబుతున్నాడు. లోపల చిన్నోడు ముందు చక్రం మీద వంగి, సబ్బు నీళ్ళు పూసి, ఇనప పట్టీ పెట్టి అంచును లోపలికి తొయ్యబోతే, రబ్బరు ఎండు కొమ్మలా పిటపిటమంది. ఇన్నేళ్ళ పనిలో టైరు అలా అనగా వినలేదు. చేతిలో పట్టీ ఉంది. కొంచెం జారనిస్తే చాలు, అంచు తెగిపోతుంది, టైరు చెడిపోయింది, నా చెయ్యి జారింది బావా క్షమించు, కొత్తది వేస్తాను అనవచ్చు. బావ రెండు తిట్లు తిట్టేవాడు. పట్టీని టైరు అంచుకు ఆనించి కూడా చూశాడు. బయట బావ పెద్దగా నవ్వాడు. చిన్నోడు పట్టీ తిన్నగా పట్టుకుని, ఎప్పటిలాగే శుభ్రంగా, పద్ధతిగా తొడిగేశాడు. జన్మలో ఒక్కసారి పని చెడగొట్టాల్సి వస్తే, చెడగొట్టడం చేతకాలేదు.

ఆదివారం పొద్దున్నే బండి దుకాణం ముందు ఆగింది. బయల్దేరే ముందు గాలి చూసి పొమ్మని చిన్నోడే చెప్పాడు, ఇంకొక్కసారి చూడవచ్చని. సాగనంపడానికి బావ కంపెనీ స్నేహితులు నలుగురైదుగురు వచ్చారు. వాళ్ళంతా లిఫ్టులవాళ్ళే. టీ కొట్టాయన పొయ్యి వదిలి బయటికొచ్చాడు. పెట్టెల్లో బట్టలు, బావ మెడలో కొత్త రుమాలు, అక్క ఒంటిమీద తోలు జాకెట్టు. వీధంతా నవ్వులు.

చిన్నోడు ముందు చక్రం దగ్గర కూర్చుని గాలి చూశాడు. రెండోసారీ చూశాడు. తల ఎత్తలేదు.

అక్క బావ భుజం మీద చెయ్యి వేసి, ఒక కాలు ఎత్తి, ఆగింది.

"ఏరా చిన్నోడా, వచ్చినప్పట్నుంచి నా మొహం చూడవేంట్రా?"

"ఏం లేదక్కా, గాలి..."

"మొన్న కూడా ఏదో చెప్పబోయి మానేశావు. నిన్ను నేను పెంచాను. ఇటు చూడు." గొంతులో నవ్వు లేదు. "టైర్లు మంచివేనా? నువ్వు ఊ అంటే ఎక్కుతాను."

 బావ ముందుకే చూస్తున్నాడు. ఇంకొకరైతే ఏదో ఒకటి అని దాటేసేవారే. చిన్నోడు లేచి నిలబడ్డాడు. అక్క ముఖం చూశాడు. అబద్ధం రాలేదు.

"కావక్కా" అన్నాడు. "ఎక్కొద్దు."

అక్క కాలు దింపేసింది. బావ మెల్లగా వెనక్కి తిరిగాడు. అంత పరాయిగా తనను ఎన్నడూ చూడలేదని చిన్నోడికి అనిపించింది.

"మంచివి కాకపోతే నీ చేత్తో నువ్వే ఎందుకు తొడిగావురా?"

  కంపెనీ స్నేహితులు చెప్పుల కేసి చూసుకుంటున్నారు. గడువు తీరిన తాడును ఒక్క పూట కూడా ఓర్చని లిఫ్టాయన, గడువు తీరిన టైర్ల మీద పెళ్ళాన్ని కూర్చోబెట్టుకుంటున్నాడన్నమాట. ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరమూ లేకపోయింది. బావ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"దిగండి" అంది అక్క, నెమ్మదిగా. "వాడి దుకాణంలో అవిగో, కొత్తవి ఉన్నాయిగా. వేయించుకుని రేపు పోదాం. సముద్రం ఎక్కడికీ పోదు."

ఇంట్లో, నలుగురూ లేనిచోట ఆ మాట అని ఉంటే బావ దిగేవాడేమో. చిన్నోడు దుకాణంలో మొదటి రోజే గట్టిగా కాదని ఉంటే అసలు ఎక్కేవాడే కాదేమో. ఇప్పుడు వెనక్కి తగ్గితే తప్పు ఒప్పుకున్నట్టే. జన్మంతా తప్పు చేయని మనిషికి అది ఎలా చెయ్యాలో తెలియదు.

"పోయి సముద్రం చూసొచ్చి, సాయంత్రానికి ఈ బండిని ఇదే చోట నిలబెడతాను" అన్నాడు. "అప్పుడు మాట్లాడుకుందాం, ఏది మంచిదో ఏది కాదో."

చిన్నోడు హ్యాండిల్ పట్టుకున్నాడు. "బావా, నీ కాళ్ళు పట్టుకుంటాను, వద్దు." బావ ఆ వేళ్ళను ఒక్కొక్కటే విడదీశాడు. గట్టిగా కాదు, మెత్తగానే. బండి కదిలింది.

"వెనకాలే పోరా!" అంది అక్క. చిన్నోడు స్కూటరు తీసుకుని పరిగెత్తాడు. ఊరి చివర దాకా బండి కనబడుతూనే ఉంది. హారన్ కొట్టాడు, చెయ్యి ఊపాడు. బావ అద్దంలో చూసే ఉంటాడు. చూశాక బండి ఒక్కసారిగా గర్జించి, దూసుకుపోయి, చుక్కలా మారి, మలుపులో మాయమైంది. ఏనుగును స్కూటరు ఎక్కడ అందుకుంటుంది! చాలాసేపు ఆ ఖాళీ రోడ్డునే చూస్తూ నిలబడి, తిరిగి వచ్చాడు.

అక్క ఇంటికి పోలేదు. దుకాణంలో, కొత్త టైర్ల కింద స్టూలు మీద కూర్చుంది. ఫోను చేస్తే మోగుతోంది, తీయడం లేదు. నడిపేటప్పుడు తీయరులే అంది. ఎండ నడినెత్తికి వచ్చింది. టీ కొట్టాయన అడక్కుండానే టీలు తెచ్చి పెట్టి, చల్లారాక తీసుకుపోయాడు. ఆమె కళ్ళల్లో వత్తులు వేసుకుని వీధి చివరికే చూస్తోంది. తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండుననుకున్నాడు చిన్నోడు.

బావ నంబరు నుంచే ఫోను వచ్చింది. అక్క చిన్నోడి చేతిలోంచి లాక్కుని, "ఏవండీ, ఎక్కడిదాకా వెళ్ళారు?" అంది. అవతల ఎవరో కొత్త మనిషి, "అమ్మా, ఈ ఫోనాయన మీకేమవుతారు?" అన్నాడు.

కొండకు అవతలి వైపు, దిగుడులో, రెండో మలుపు దగ్గర ముందు టైరు ఊడింది. గాలి పోవడం కాదు. రోడ్డును పట్టుకునే పై పట్టీ మొత్తం చర్మం ఒలిచినట్టు ఒలుచుకుపోయింది. బండిని పోలీసులు రోడ్డు పక్కకు లాగి పెట్టారు. అక్కను కారులో ముందు పంపి, వెనక స్కూటరు మీద ఆసుపత్రికి పోతూ చిన్నోడు దిగి చూశాడు. తాను మొదటి రోజు ఏ నెర్రెల్ని చూపించాడో అక్కడే తెగింది. తన మాట అక్షరాలా నిజమైంది. నిజమైనందుకు రోడ్డు మీద కూలబడి ఏడ్చాడు.

బావ ఆసుపత్రికి చేరే లోపలే పోయాడు. ఆ చిన్న ఆసుపత్రి వరండాలో బల్ల మీద అక్క నిటారుగా కూర్చునుంది. పొద్దున తొడుక్కున్న జాకెట్టు ఇంకా ఒంటిమీదే ఉంది. చిన్నోడు వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. తిట్టు అక్కా, కొట్టు అక్కా అనాలనుంది. 

"పోలీసులతో మాట్లాడావా?" అని అడిగింది.

"మాట్లాడాను."

"ఏమన్నారు?"

"చాలా వేగంగా పోతున్నాడట. నెమ్మదిగా పోతుంటే టైరు ఊడినా ఆపుకునేవాడే, దెబ్బలతో బయటపడేవాడే అన్నారు."

అక్క తమ్ముడి తల మీద చెయ్యి వేసింది. చిన్నప్పుడు నిద్రపుచ్చేటప్పుడు వేసినట్టే, జుట్టు లేని చోట.

"నేను వెనక ఉంటే ఆయన వేగంగా పోయేవారు కాదురా" అంది. "నా నడుం అదురుతుందని."